టవర్లకి తెలిసిన వాన

మా ఆఫీసులో వాన సంగతి కిటికీలోంచి తెలియదు, మేం కూర్చునే గదికి కిటికీలే లేవు కాబట్టి. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద ఒక బిల్డింగు, ఏసీ దెబ్బకి చెన్నైలో కూడా స్వెట్టర్ వేసుకోవాల్సి వచ్చే నెట్‌వర్క్ మానిటరింగ్ గది, గోడ నిండా తెరలు, తెరల నిండా టవర్లు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఆ తెరల మీద ఒక వరస కనిపిస్తుంది. ముందు సముద్రం ఒడ్డు వెంబడి పోయే ఈసీఆర్ రోడ్డు పక్కన నీలాంకరై, ఇంజంబాక్కం వైపు లింకులు, అంటే టవర్‌కీ టవర్‌కీ మధ్య సిగ్నల్ దారులు, పచ్చ నుంచి పసుపులోకి తిరుగుతాయి. కాసేపటికి షోళింగనల్లూరు, తర్వాత మేడవాక్కం, చివరికి తాంబరం. సముద్రం మీద నుంచి మబ్బు ఎటు నడుస్తోందో, ఎంత జోరుగా వస్తోందో కొత్తగా చేరిన ట్రైనీ కూడా చెప్పేస్తాడు. మా షిఫ్ట్‌లో ఒక చిత్తూరు కుర్రాడున్నాడు, ఈ వరస మొదలవగానే "వచ్చేసిందన్నా" అని కింద పార్కింగ్‌లో బండి సీటుకి కవర్ తొడగడానికి పోతాడు. వాడికి ఏ యాప్ అలర్టూ అక్కర్లేదు.

మేమెవరం వాతావరణ శాఖలో లేం. మేం చూసేది వానని కాదు, వాన వల్ల పడిపోతున్న సిగ్నల్‌ని. కానీ చాన్నాళ్ళుగా నా బుర్రలో తిరుగుతున్నది ఇదే: ఫోన్‌లో వాతావరణం అనగానే అందరూ యాప్‌ల గురించి మాట్లాడతారు, అసలు ఆ ఫోన్లని నడిపించే టవర్లు వానని నిమిషాల లెక్కన కొలుస్తున్నాయనీ, ఆ కొలత ఎవరికీ పనికిరాకుండా పోతోందనీ చాలామందికి తెలియదు.

ఎలా కొలుస్తాయో చెప్తాను, కొంచెం ఓపిక పట్టండి. మీ ఫోన్‌కీ టవర్‌కీ మధ్య నడిచే సిగ్నల్‌ని వాన పెద్దగా ఏమీ చేయలేదు. వాన పడితే నెట్ స్లో అయ్యేది చాలావరకు వేరే కారణాల వల్ల. కరెంటు పోయి ఉండొచ్చు, అందరూ ఇంట్లో కూర్చుని ఒకేసారి వీడియోలు చూస్తూ ఉండొచ్చు, లేదా టవర్‌కీ టవర్‌కీ మధ్య దారి ఇరుకైపోయి ఉండొచ్చు. ఈ మూడోదే మన కథ. ఫైబర్ వేయని చోట టవర్ల మీద తెల్లగా, గుండ్రంగా, మూత పెట్టిన డ్రమ్ముల్లాంటివి కనిపిస్తాయి చూడండి, అవి మైక్రోవేవ్ యాంటెనాలు. ఒకదానికొకటి ఎదురుబొదురుగా గురిపెట్టి ఉంటాయి. ఇటునుంచి అటు పోయే ఆ ఒక్క దూకుడిని మేం హాప్ అంటాం. 15, 18, 23 గిగాహెర్ట్జ్, ఇలా ఉంటాయి వాటి ఫ్రీక్వెన్సీలు. 23 గిగాహెర్ట్జ్ అంటే తరంగం పొడవు 13 మిల్లీమీటర్లు, చినుకు సైజు కొన్ని మిల్లీమీటర్లు. సైజులు ఇంత దగ్గరగా ఉండబట్టే చినుకు ఆ తరంగాన్ని కొంత మింగుతుంది, కొంత పక్కలకి చెదరగొడుతుంది. గంటకి 50 మి.మీ. లెక్కన వాన కురుస్తుంటే 23 గిగాహెర్ట్జ్ దగ్గర కిలోమీటరుకి సుమారు 7 డీబీ (డెసిబెల్, సిగ్నల్ నష్టాన్ని కొలిచే లెక్క) పోతుంది, అంటే పంపినదాంట్లో ఐదో వంతే మిగులుతుంది. అదే వాన మూడు కిలోమీటర్ల హాప్ పొడుగునా పడుతుంటే అవతలి ఒడ్డుకి చేరేది నూటికి ఒక వంతు.

మాకు దీని పేరు రెయిన్ ఫేడ్, మా దృష్టిలో ఇది శత్రువు. లింక్ డిజైన్ చేసేటప్పుడే ఈ ఊళ్ళో వాన ఎంత గట్టిగా పడుతుందో లెక్కేసి అంత సిగ్నల్ అదనంగా ఉండేలా మార్జిన్ వదులుతారు, సిగ్నల్ తగ్గితే రేడియో తనంతట తానే స్పీడ్ తగ్గించుకుని లింక్ తెగకుండా చూసుకుంటుంది. ఇదంతా వానని తప్పించుకోవడానికే. అయితే 2006లో టెల్ అవీవ్ యూనివర్సిటీకి చెందిన హాగిత్ మెస్సెర్, ఆమె సహచరులు 'సైన్స్' పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు: ఈ సిగ్నల్ నష్టాన్నే తిరగేసి లెక్కేస్తే వాన ఎంత పడిందో తెలుస్తుంది కదా, దానికి కొత్త పరికరం ఒక్కటి కూడా పెట్టనక్కర్లేదు కదా అని. చూస్తే ఇంత సులువా అనిపిస్తుంది. 2013లో నెదర్లాండ్స్ వాళ్ళు దాదాపు 2,400 లింకుల డేటా తీసుకుని దేశం మొత్తానికి వాన మ్యాపులు గీసి చూపించారు. జర్మనీలో దాదాపు 4 వేల లింకులతో చేశారు. ఆఫ్రికాలో బుర్కినా ఫాసోలో కూడా ప్రయత్నించారు, నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించింది అదే, ఎందుకంటే అక్కడ రాడార్లు, వాన కొలిచే కేంద్రాలు తక్కువ, కానీ టవర్లు ఉన్నాయి. లెక్క చేసే ప్రోగ్రామ్‌లు కూడా ఎవరైనా దింపుకుని వాడుకునేలా బయటే పెట్టారు. నేను ఒక ఆదివారం ఇంట్లో కూర్చుని వాటిలో ఒకదాన్ని వాళ్ళిచ్చిన నమూనా డేటాతో నడిపి చూశాను, నడిచింది.

మన దగ్గర రాడార్ ఉంది కదా, వాన కొలిచే రెయిన్ గేజ్‌లు ఉన్నాయి కదా, ఇదెందుకు అంటారేమో. చెన్నైకి రాడార్ విషయంలో లోటు లేదనే చెప్పాలి. పోర్టు దగ్గరున్న ఎస్-బ్యాండ్ డాప్లర్ రాడార్ 2002 నుంచీ ఉంది, పళ్ళికరణైలో ఎన్‌ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ) ప్రాంగణంలో ఇంకా పొట్టి తరంగాలతో నడిచే ఎక్స్-బ్యాండ్‌ది ఇంకొకటి ఉంది. వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో ఆ బొమ్మలు ఎవరైనా చూడొచ్చు, నేనైతే నవంబర్‌లో వాట్సాప్ కన్నా ఎక్కువసార్లు తెరిచేది ఆ పేజీనే. కానీ రాడార్ చూసేది నేల మీద పడిన వానని కాదు. దాని కిరణం దూరం వెళ్ళేకొద్దీ పైకి పోతుంది, భూమి గుండ్రంగా ఉంది కదా. మామూలుగా కిందికి దించి తిప్పినా నూరు కిలోమీటర్ల దూరంలో అది చూసేది నేలకి కిలోమీటరు, కిలోమీటరున్నర ఎత్తున ఉన్న మబ్బుని. ఎక్స్-బ్యాండ్ రాడార్‌కైతే మా లింకుల జబ్బే ఉంది, దగ్గర్లో గట్టి వాన పడితే దాని వెనకాల ఉన్నది సరిగ్గా కనపడదు. ఇక రెయిన్ గేజ్ చాలా నమ్మకమైనది, కాకపోతే అది కొలిచేది తన మూతిలో పడిన నీళ్ళని మాత్రమే. వేళచ్చేరిలో దంచి కొడుతుంటే గిండీలో రోడ్డు పొడిగా ఉండటం చెన్నైలో వింతేమీ కాదు. ఈ రెండింటికీ మధ్య ఉన్న ఖాళీలో టవర్ లింక్ సరిగ్గా అతుక్కుంటుంది. నేలకి 30, 40 మీటర్ల ఎత్తులో, రెండు మూడు కిలోమీటర్ల పొడవునా, మనుషులు ఎక్కువగా ఉన్నచోటే ఎక్కువగా.

అలాగని ఇది మంత్రదండం కాదు, రోజూ దీంతో తలపట్టుకునేవాణ్ణి కాబట్టి లోపాలూ నాకు తెలుసు. వాన ఆగిపోయాక కూడా యాంటెనా మూత మీద తడి ఉన్నంతసేపు సిగ్నల్ తక్కువగానే చూపిస్తుంది, ఆ తడిని వాన కింద లెక్కేస్తే మొత్తం ఎక్కువ వస్తుంది. వాన లేనప్పుడు మామూలు స్థాయి ఎంతో ముందే ఖాయం చేసుకోవాలి, అది కూడా రోజురోజుకీ కొద్దిగా అటూ ఇటూ ఊగుతుంది. మరీ పొట్టి హాప్ అయితే చిన్న వానలు తెలియవు. మరీ పెద్ద వానైతే లింకే తెగిపోతుంది, అప్పుడు "ఇంతకన్నా ఎక్కువ" అని మాత్రమే చెప్పగలం, ఎంత ఎక్కువో చెప్పలేం. ఇవన్నీ ఇప్పటికే దారి కనుక్కున్న సమస్యలే, కొన్నిటికి పూర్తిగా, కొన్నిటికి సగం.

ఇక నాకు కడుపు మండే విషయం. మా సిస్టమ్ ప్రతి లింక్‌కీ 15 నిమిషాలకొకసారి ఆ పావుగంటలో అందిన సిగ్నల్ ఎంత తక్కువకి పోయింది, ఎంత ఎక్కువకి వెళ్ళింది అని రెండు అంకెలు రాసుకుంటుంది. నెదర్లాండ్స్ వాళ్ళు వాడుకున్నది సరిగ్గా ఈ రెండు అంకెలనే. మా దగ్గర అవి కొన్ని వారాలుండి, డిస్క్‌లో చోటు కోసం వాటంతట అవే చెరిగిపోతాయి. ఫాల్ట్ రిపోర్ట్ మూసేశాక వాటితో ఎవరికీ పనిలేదు. డిసెంబర్‌లో పడిన తుపాను వాన పావుగంట పావుగంటకి ఎలా నడిచిందో చెప్పే లెక్క సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చేసరికి ఉండదు.

పావుగంట లెక్క అంత ముఖ్యమా అంటే, అవును. మనం పేపర్లో చదివే వాన లెక్క ఉదయం ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర దాకా పడిన మొత్తం. 2015 డిసెంబర్ 1న తాంబరంలో అలా 49 సెం.మీ. వచ్చింది, చెంబరంబాక్కంలో 47, నుంగంబాక్కంలో 29. ఒకే రోజు, ఒకే నగరం, తేడా చూడండి. ఈ అంకె మీద చరిత్ర రాయొచ్చు, కానీ కాలవ కట్టలేం. వాననీటి కాలవ ఎంత వెడల్పు ఉండాలో తేల్చేది రోజు మొత్తం పడిన వాన కాదు, అరగంటలో, గంటలో పడే వాన. 10 సెం.మీ. వాన ఇరవై నాలుగు గంటల్లో మెల్లగా కురిస్తే చెన్నై నేల చాలావరకు తాగేస్తుంది, అదే వాన గంటన్నరలో పడితే టీనగర్ సబ్‌వే (పట్టాల కింద నుంచి పోయే రోడ్డు) మూసేయాల్సిందే. 1,200 చదరపు అడుగుల డాబా మీద 10 సెం.మీ. అంటే 11 వేల లీటర్ల పైచిలుకు, మన వీధిలోకి వచ్చే పెద్ద వాటర్ లారీని డాబా ఎక్కించి గుమ్మరించినంత. వీధిలో ఎన్ని డాబాలున్నాయో మీరే లెక్కేసుకోండి.

2021 డిసెంబర్ 30 గుర్తుందా? నెలాఖరు, రుతుపవనం దాదాపు సర్దుకుని పోయే టైమ్, ఎవరూ అంత వాన ఊహించలేదు. మధ్యాహ్నం మొదలై రాత్రికల్లా కొన్నిచోట్ల 20 సెం.మీ. దాటింది, ఆఫీసుల నుంచి బయల్దేరినవాళ్ళు అర్ధరాత్రి దాకా రోడ్ల మీదే ఉన్నారు. రెడ్ అలర్ట్ వచ్చేసరికి సగం ఊరు నీళ్ళలో ఉంది. అలాంటి వానని ముందురోజే చెప్పడం చాలా కష్టం, దాన్ని తప్పుపట్టను. కానీ మొదలయ్యాక, ఏ వీధుల మీద నిలబడిపోయి కురుస్తోందో పావుగంటలో చెప్పగలిగితే, కనీసం ఏ సబ్‌వేలోకి దిగొద్దో చెప్పొచ్చు కదా. రియల్ టైమ్ అంటే నాకు అర్థమైనంతలో ఇదే. అంచనా తప్పినప్పుడు ఆదుకునేది.

వాతావరణం మారిపోతోందని అందరం అంటున్నాం. మారిందని చెప్పాలంటే మాత్రం ఒక్క తుపాను చాలదు. వాతావరణ శాస్త్రంలో 'సాధారణం' అంటే 30 ఏళ్ళ సగటు, ఇప్పుడు వాడేది 1991 నుంచి 2020 దాకా. నుంగంబాక్కంలో 1792లో మద్రాసు అబ్జర్వేటరీ కట్టారు, ఆ తర్వాత కొన్నేళ్ళకే వాతావరణం లెక్కలు రాయడం మొదలుపెట్టారు, దేశంలో ఇంత పాత రికార్డు ఉన్న చోట్లు చాలా తక్కువ. ఎవరో ఒకరు రోజూ వెళ్ళి చూసి పుస్తకంలో రాయబట్టే ఈ రోజు మనం పోల్చుకోగలుగుతున్నాం. వాళ్ళు రాసింది పారేయలేదు. మనం పావుగంట లెక్కన కొలుస్తూ కొన్ని వారాల్లోనే చెరిపేస్తున్నాం.

సరే, మన చేతిలో ఉన్న ఫోన్ సంగతి. చాలామంది అనుకునేదేమిటంటే, యాప్‌లో "31 డిగ్రీలు, 38లా అనిపిస్తోంది" అని వస్తే అది ఫోన్ కొలిచిందని. ఫోన్ ఏమీ కొలవలేదు. దగ్గర్లో ఉన్న స్టేషన్ చెప్పింది, లేదా కంప్యూటర్ మోడల్ కొన్ని కిలోమీటర్ల గడికి ఒకటి చొప్పున వేసిన అంచనా. ఒకే చోట నిలబడి రెండు యాప్‌లు చూస్తే రెండు ఉష్ణోగ్రతలు రావడం అందుకే. ఈ మధ్య పరిస్థితి కాస్త మెరుగైంది, 2024లో జొమాటో వాళ్ళు వెదర్ యూనియన్ అని నగరాల్లో 600కి పైగా చిన్న స్టేషన్లు పెట్టి ఆ లెక్కలు ఉచితంగా చూసేలా చేశారు. డెలివరీ కంపెనీకి వాన ఎక్కడ పడుతోందో తెలియడం వ్యాపారం, మనకి లాభం. ఫోన్ బ్యాటరీ వేడిని బట్టి ఊరి ఉష్ణోగ్రత లెక్కగట్టొచ్చని కూడా 2013లో ఎనిమిది పెద్ద నగరాల ఫోన్లతో చూపించారు. చాలా ఫోన్ల సగటు తీస్తే పనికొస్తుందట, డాష్‌బోర్డు మీద ఎండలో కాగే ఆటో అన్న ఫోన్ ఒక్కటీ చూసుకుంటే మాత్రం చెన్నైలో రోజూ ప్రళయమే.

ఫోన్ నిజంగా కొలిచేది ఒకటుంది, గాలి పీడనం. అన్ని ఫోన్లలో ఉండదు, కొంచెం ఖరీదైనవాటిలో బారోమీటర్ ఉంటుంది, దాన్ని చూపించే ఉచిత యాప్‌లు బోలెడు. మీ ఫోన్‌లో ఉంటే ఒక రెండు రోజులు గ్రాఫ్ వదిలేసి చూడండి, భలేగా ఉంటుంది. మన ప్రాంతాల్లో పీడనం రోజుకి రెండుసార్లు లేస్తుంది, రెండుసార్లు పడుతుంది. పొద్దున పదింటికి, రాత్రి పదింటికి ఎత్తున ఉంటుంది, తెల్లవారుజామున నాలుగింటికి, సాయంత్రం నాలుగింటికి పల్లంలో ఉంటుంది, తేడా ఓ మూడు హెక్టోపాస్కల్స్ (గాలి పీడనం కొలిచే ప్రమాణం) అటూ ఇటూ. సముద్రానికి ఉన్నట్టే గాలికీ ఆటుపోట్లు. ఇది అలవాటైతే తేడా వచ్చినప్పుడు ఇట్టే తెలిసిపోతుంది. 2023 డిసెంబర్ 3 రాత్రి మిచౌంగ్ తుపాను చెన్నైకి ఎదురుగా సముద్రంలో ఉంది, ఆ రాత్రి పదింటికి లేవాల్సిన గీత లేవలేదు, కిందికే పోతూ ఉంది. నేను మా ఆవిడకి ఆ గీత చూపించి కార్ తీసి ఎత్తు మీద పెడదామంటే "ఏమండీ, పదింటికి గ్రాఫులు చూసి కార్ తీస్తారా ఎవరైనా" అంది. అలా అంటూనే పక్కింటి సార్‌కి కూడా చెప్పమంది, ఇద్దరం తీశాం. ఒక జాగ్రత్త, లిఫ్ట్‌లో మూడో అంతస్తుకి వెళ్ళినా ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది, తుపాను వచ్చేసిందని కంగారు పడకండి.

మిచౌంగ్ అప్పుడే మా పని ఎంత గాలిలో దీపమో కూడా తెలిసింది. డిసెంబర్ 4 తెల్లవారేసరికి లింకులు పసుపు దాటి ఎరుపయ్యాయి, తర్వాత ఎరుపు కూడా పోయి బూడిద రంగులోకి వచ్చాయి. బూడిద అంటే వాన కాదు, ఆ టవరే పనిచేయట్లేదని. తేడా మాకు అలారం వరసలో తెలుస్తుంది. వానైతే సిగ్నల్ మెల్లగా కిందికి జారుతుంది, మళ్ళీ లేస్తుంది. కరెంటు సంగతైతే ముందు 'మెయిన్స్ ఫెయిల్' (కరెంటు పోయింది) అని వస్తుంది, కొన్ని గంటలకి 'లో బ్యాటరీ', ఆ తర్వాత ఏమీ రాదు. నీళ్ళలో షాక్ కొట్టకుండా ముంపు వీధులకి ఈబీ (కరెంటు బోర్డు) వాళ్ళు కరెంటు ఆపేస్తారు, ఆపాలి కూడా. జనరేటర్‌కి డీజిల్ పోయాలంటే మనిషి వెళ్ళాలి, వీధిలో నడుం లోతు నీళ్ళు. ఫీల్డ్ టెక్నీషియన్ ఫోన్ చేసి "సార్, గేటు దాకా వచ్చా, గేటు కనపడట్లేదు" అన్నాడు. ఏ చోట వాన ఎక్కువో, ఏ చోట సమాచారం ఎక్కువ అవసరమో, సరిగ్గా అక్కడే కొలత ఆగిపోతుంది. అయినా ఆ మెయిన్స్ ఫెయిల్ అలారాల టైములు వరసగా మ్యాప్ మీద పెడితే, పళ్ళికరణై చిత్తడి చుట్టూ నీళ్ళు ఏ వీధి తర్వాత ఏ వీధిలోకి వచ్చాయో దాదాపు తెలిసిపోతోంది. మునక మ్యాప్ మా అలారం లాగ్‌లో ఉంది, ఎవరూ అడగలేదు.

హెచ్చరికల సంగతి కొంచెం చెప్పి వదిలేస్తాను. 2023లో ఫోన్లన్నీ ఒకేసారి సైరన్‌లా మోగి, పరీక్ష మాత్రమే అని మెసేజ్ వచ్చింది గుర్తుందా, చాలామంది హ్యాక్ అయిందని భయపడ్డారు. అది సెల్ బ్రాడ్‌కాస్ట్, కేంద్ర ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ తయారు చేసింది. ఎస్ఎంఎస్ ఒక్కో నంబరుకి విడివిడిగా పోవాలి, లక్షలమందికి పంపేసరికి వాన వెలిసిపోతుంది. ఇది అలా కాదు, టవర్ తన కింద ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి అరిచి చెప్తుంది, నంబర్లు అక్కర్లేదు, డేటా ఆన్‌లో ఉండక్కర్లేదు. చిరాకేసి సెట్టింగ్స్‌లో ఎమర్జెన్సీ అలర్ట్స్ ఆపేసినవాళ్ళు నాకు చాలామంది తెలుసు, దయచేసి మళ్ళీ ఆన్ చేయండి. పిడుగుల హెచ్చరికకి పుణే ఐఐటీఎం (ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ) వాళ్ళ దామిని యాప్ ఉంది, పొలం పనులు చేసే ఇళ్ళలో తప్పనిసరిగా ఉండాలి. ఇక ఎల్లో, ఆరెంజ్, రెడ్ అనేవి వాన కొలతకి పెట్టిన పేర్లు కావు, మనం ఏం చేయాలో చెప్పేవి: గమనిస్తూ ఉండు, సిద్ధంగా ఉండు, కదులు. 2024 అక్టోబర్‌లో రెడ్ అలర్ట్ ఇస్తే వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద కార్లు బారులు తీరాయి, తీరా చూస్తే వాన ఉత్తరానికి జరిగిపోయింది. వాట్సాప్‌లో ఒకటే జోకులు. నేను మాత్రం ఆ కార్ల వాళ్ళనే మెచ్చుకుంటాను.

ఆ ఉత్తర దిక్కు ఎవరిది అంటే మా నెల్లూరిది. చెన్నై రాడార్ పరిధిలో నెల్లూరు కూడా ఉంటుంది, అందుకే నా రాడార్ పిచ్చిలో సగం మా నాన్న కోసం. మా వైపు పెద్ద పంటకి నవంబర్, డిసెంబర్‌లో నారు పోస్తారు, నారుమడి మునిగితే విత్తనం ఖర్చూ పోతుంది, అదనూ పోతుంది. మిచౌంగ్‌కి అదే జరిగింది, మా కన్నా పైన గుంటూరు, కృష్ణా వైపైతే కోతకొచ్చిన వరే పడిపోయింది. ఆయన ఫోన్‌లో రైతుల కోసం ఉన్న మేఘదూత్ యాప్ పెట్టిచ్చాను, వ్యవసాయ సలహాలు మంగళవారం, శుక్రవారం వస్తాయి, తెలుగులోనే ఉంటాయి, చదువుతాడు కూడా. కానీ ఆయన అడిగేది వేరే. "అబ్బయా, జిల్లాకి వానంటే ఏ జిల్లాకిరా, కోవూరు కాలవకి ఇవతలా అవతలా?" జిల్లా మొత్తానికి ఒక రంగు వేస్తే ఆయన ప్రశ్నకి జవాబు రాదు. మా పొలం గట్టు మీద నిలబడితే రెండు టవర్లు కనిపిస్తాయి, ఒకదాని నుంచి ఇంకోదానికి పోయే సిగ్నల్ సరిగ్గా ఆ కాలవని దాటుతుంది. జవాబు అక్కడ గాల్లోనే ఉంది.

డేటా ఇవ్వడానికి కంపెనీలు ఎందుకు వెనకాడతాయో నాకు అర్థమవుతుంది. ఏ లింక్ బలహీనమో పోటీవాడికి తెలిసిపోతుందనే భయం ఉంది, ఆ భయం అబద్ధం కాదు. కానీ ఇందులో ఎవరి ఫోన్ నంబర్లూ లేవు, ఎవరు ఎవరితో మాట్లాడారో లేదు, రెండు టవర్ల మధ్య సిగ్నల్ ఎంత తగ్గిందన్న అంకె తప్ప. టవర్ల అసలు స్థానాలు బయటపెట్టకుండా వాన లెక్క కట్టాకే ఇవ్వొచ్చు. అంకెలు వాతావరణ శాఖకో, ఐఐటీ మద్రాసుకో, అన్నా యూనివర్సిటీకో ఒక ఒప్పందం మీద ఇచ్చినా చాలు. లైసెన్సు షరతుల్లో అత్యవసర హెచ్చరికల గురించి రాసినట్టే దీని గురించి కూడా ఒక వాక్యం రాయొచ్చు. అంతవరకూ ఎందుకు, ఆ పాత ఫైళ్ళు చెరపకుండా ఒక హార్డ్ డిస్క్‌లో పడేయమని మా మేనేజర్‌ని అడిగాను, "స్టోరేజ్ బడ్జెట్ ఎవరిస్తారు" అన్నాడు. సంవత్సరం మొత్తానికి కలిపి లెక్కేసి చూపించాను, మా టీమ్ డిన్నర్ ఖర్చు కంటే తక్కువే వచ్చింది. ఆలోచిద్దాం అన్నాడు.

ఆలోచించడానికి టైమ్ కూడా మరీ ఎక్కువ లేదు. 5జీకి తగ్గట్టు స్పీడ్ కావాలని నగరంలో టవర్లని ఒక్కొక్కటిగా ఫైబర్ మీదికి మారుస్తున్నారు, ఫైబర్‌కి వానతో సంబంధం లేదు. మిగిలిన పొట్టి హాప్‌లని 70, 80 గిగాహెర్ట్జ్‌కి మారుస్తున్నారు, వాటితో కూడా వాన కొలవొచ్చు గానీ గట్టి వానకి తొందరగా తెగిపోతాయి. పల్లెల్లో పాత లింకులు ఇంకొన్నాళ్ళుంటాయి, చెన్నైలో మాత్రం తగ్గుతూ వస్తున్నాయి. మాకు ఈ మధ్య వచ్చిన ఫైబర్ మార్పిడి జాబితాలో పళ్ళికరణై చిత్తడి మీదుగా పోయే హాప్ కూడా ఉంది, రుతుపవనం మొదలయ్యేలోపే పని పూర్తి చేయమని గడువు పెట్టారు.